బేగి కావాలా, బాగా కావాలా? విశాఖ ద్వారకా నగర్‌లో ఒక జిరాక్స్ షాపు రివ్యూ

రేటింగ్ ముందే చెప్పేస్తున్నా, 5కి 4. ఆ ఒక్క స్టార్ ఎందుకు కోశానో మెట్ల దగ్గరికొచ్చాక చెప్తా.

షాపు పేరు రాయట్లేదు. రాద్దామనే అనుకున్నా గానీ షాపు నడిపే ఆయన, నేను బాబాయ్ అంటా, ఆయనే వద్దన్నారు, "పేరేసి రాసేవంటే రేపు పొద్దున్నకి ఎవడో ఒకడు కేసంటూ దిగిపోతాడు పాపా, మనకెందుకొచ్చిన గొడవ" అని. కేసేం పడదు, దాని సంగతి కూడా తర్వాత చెప్తా, ఆయనకి ఎన్నిసార్లు చెప్పినా సగమే నమ్ముతారు. ద్వారకా నగర్‌లో పబ్లిక్ లైబ్రరీకి నడిచి వెళ్ళేంత దూరంలో ఒక సందు, కోచింగ్ పిల్లలు మెటీరియల్ కోసం ఎగబడే షాపులు వరసగా ఉంటాయి కదా, వాటిల్లో ఇదొకటి. బయటినుంచి చూస్తే, అంటే చూసినవాళ్ళు నాకు చెప్పింది, పక్క షాపులకీ దీనికీ తేడా ఏం లేదంట, రెండు జిరాక్స్ మిషన్లు, లామినేషన్, స్పైరల్ బైండింగ్, పాస్‌పోర్ట్ ఫొటోలు, ఆధార్ ప్రింట్లు అంతే. కానీ ఇక్కడ పుస్తకం ఇస్తే దాన్ని చదవగలిగే ఫైల్ చేసి ఇస్తారు. చదవగలిగే అంటే నాలాంటోళ్ళు చదవగలిగే అని.

నా సంగతి రెండు ముక్కల్లో. చూపు చాలా తక్కువ, సర్టిఫికెట్‌లో వైకల్యం 80 శాతం అని రాశారు, వెలుతురు తెలుస్తుంది, ఎదురుగా మనిషి ఉన్నారని తెలుస్తుంది, పేజీలో అక్షరం మాత్రం ఎంత దగ్గర పెట్టుకున్నా తెలీదు. ఇల్లు గాజువాక వైపు, నాన్న స్టీల్ ప్లాంట్‌లో కాంట్రాక్ట్ పని, నేను ఎం.ఏ. పొలిటికల్ సైన్స్ తెలుగు మీడియంలో రెండో సంవత్సరం. యూనివర్సిటీ ఏదో అడక్కండి, కింద దాని గురించి కాస్త తిడతాను కాబట్టి.

డిగ్రీ మూడేళ్ళూ నాకు పుస్తకం అంటే అమ్మ గొంతే. రాత్రి అంట్లు తోముకున్నాక కూర్చుని చదివి వినిపించేది, అమ్మ టెన్త్ వరకే చదివింది, "సార్వభౌమాధికారం" అనే మాట వచ్చినప్పుడల్లా మూడు చోట్ల ఆగి ఊపిరి తీసుకుని మళ్ళీ మొదలుపెట్టేది, నేను ఫోన్‌లో రికార్డ్ చేసుకునేదాన్ని, ఇప్పటికీ ఆ రికార్డింగుల్లో ప్రాథమిక హక్కుల మధ్యలో కుక్కర్ విజిల్స్ వినపడతాయి, ఒకచోట "ఒసే పప్పు మాడుతోందేమో చూడు" అని కూడా ఉంటుంది. పీజీకొచ్చాక అది కుదరలేదు, ఒక్కో పేపర్‌కి మూడు నాలుగు పుస్తకాలు, అమ్మ ఎంతని చదువుతుంది.

ఫోన్‌లో తెర మీదది చదివి వినిపించే టాక్‌బ్యాక్ ఉంది, మావయ్య కొనిచ్చిన సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్‌లో ఎన్‌వీడీఏ వేసుకున్నా. తెలీనివాళ్ళకి చెప్తున్నా, ఎన్‌వీడీఏ అంటే స్క్రీన్ మీద ఉన్నది పైకి చదివే సాఫ్ట్‌వేర్, పూర్తిగా ఫ్రీ, 2006లో ఆస్ట్రేలియాలో ఇద్దరు చూపులేని కుర్రాళ్ళే మొదలుపెట్టారు. తెలుగు కూడా చదువుతుంది. ఆ గొంతు మొదట్లో రేకుడబ్బాలో రాళ్ళేసి ఊపినట్టు ఉంటుంది, వారం భరిస్తే అలవాటైపోతుంది, ఇప్పుడు నేను వినే స్పీడు చూసి ఇంట్లో వాళ్ళు అది తెలుగేనా అంటారు. కాబట్టి మిషన్ సమస్య కాదు, చదవడానికి దానికి అక్షరాలు కావాలి, సమస్యంతా అక్కడే. పుస్తకాన్ని ఊరికే ఫొటోలు తీసి పీడీఎఫ్ చేస్తే అందులో అక్షరాలుండవు, బొమ్మలుంటాయి, సాఫ్ట్‌వేర్ తెరిచి ఖాళీ అంటుంది. క్లాస్ గ్రూప్‌లో అందరూ "మెటీరియల్ పెట్టాం కదే" అంటారు, నాకు మాత్రం నూటయాభై ఖాళీ పేజీలు వచ్చి ఉంటాయి. ఇంకో రకం ఉంది, మా సార్లు ఎప్పుడో డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్స్‌లో కొట్టించిన నోట్సు, అవి చూసేవాళ్ళకి చక్కటి తెలుగు, కింద ఉన్నది యూనికోడ్, అంటే ఏ కంప్యూటరైనా తెలుగని గుర్తుపట్టే అక్షరం, కాదు కాబట్టి మా సాఫ్ట్‌వేర్‌కి అవి ఇంగ్లీష్ అక్షరాలు, కామాలు, డాలర్ గుర్తులు. గాంధీ గ్రామ స్వరాజ్యం చాప్టర్ తెరిస్తే చిట్‌ఫండ్ లెక్కలు చదివినట్టు చదివింది ఒకసారి.

ఈ షాపుకి మొదటిసారి వెళ్ళింది పోయిన ఏడాది, ఫస్ట్ సెమిస్టర్ ఇంటర్నల్స్ ముందు. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర బస్సు దిగి మా మావయ్య కూతుర్ని తోడు తీసుకుని ఆ సందులో వరసగా అడుక్కుంటూ వచ్చాం, "స్కాన్ చేసి అక్షరాలు చేస్తారా" అంటే ఒకాయన పీడీఎఫ్ చేస్తామన్నాడు, ఒకాయన టైపింగ్ అయితే పేజీకి 30 రూపాయలన్నాడు, ఇంకొకాయనకి అసలు అర్థమే కాలేదు. ఈ బాబాయ్ మాత్రం పుస్తకం చేతిలోకి తీసుకుని రెండు పేజీలు తిప్పి (కాగితం చప్పుడు నాకు వినిపించింది) ఒకటే అడిగారు, "ఏటమ్మా, బేగి కావాలా, బాగా కావాలా?"

ఆ ప్రశ్నలోనే ఈ షాపు రేట్ కార్డ్ మొత్తం ఉంది. బేగి అంటే మా వైపు తొందరగా అని, ఇక్కడ దానర్థం స్కాన్ చేసి కంప్యూటర్ ఎలా గుర్తుపడితే అలా ఇచ్చేయడం, పేజీకి రూపాయిన్నర, మర్నాటికి వచ్చేస్తుంది. బాగా అంటే దాన్ని మళ్ళీ పుస్తకం పక్కన పెట్టుకుని పిన్ని, అంటే వాళ్ళావిడ, లైను లైనూ దిద్ది ఇవ్వడం, దానికి పేజీకి ఇంకో మూడు రూపాయలు, పది పన్నెండు రోజులు పడుతుంది. పిన్ని తెలుగు లిటరేచర్‌తో డిగ్రీ చేశారు, షాపు వెనక చిన్న గదిలో కూర్చుని దిద్దుతారు, దిద్దుతూ దిద్దుతూ రాజనీతి శాస్త్రం నాకన్నా ఎక్కువే వచ్చేసింది ఆవిడకి, మొన్న "ఈ మాంటెస్క్యూ అధికారాలన్నీ విడగొట్టమన్నాడు గానీ ఇంట్లో ఎలా కుదురుద్దే" అన్నారు.

దిద్దకపోతే ఏమవుతుందో చెప్పాలి, ఎందుకంటే చాలామంది "ఇప్పుడు ఫోన్‌లోనే అన్నీ వచ్చేశాయి కదా, కెమెరా పెడితే చదివేస్తుంది" అంటారు. చదువుతుంది, ఉత్తరమో కరెంటు బిల్లో అయితే బాగానే చదువుతుంది. మూడొందల పేజీల తెలుగు పుస్తకం, అదీ పాత ప్రింట్ అయితే, పకి వకి తేడా తలకట్టు అతుక్కుందా విడిగా ఉందా అన్నదే, మకి వుకి తేడా ఇంకా తక్కువ. పాలన కాస్తా వాలన అవుతుంది, పార్టీ వార్టీ అవుతుంది, పన్నుల విధానం వన్నుల విధానం. ఒకట్రెండు అయితే మనమే దిద్దుకుంటాం, పేజీకి ఇరవై వస్తే మెదడు సగం దిద్దడానికే పోతుంది, విషయం ఎక్కదు. ఇంకా అసలు తలనొప్పి తప్పులు కాదు, పేజీ పైన ప్రతిచోటా పుస్తకం పేరు వేస్తారు కదా, వాక్యం ఒక పేజీలో మొదలై ఇంకో పేజీలో ముగిస్తే మధ్యలో ఆ పేరు, పేజీ నంబరు, కింద ఫుట్‌నోట్ అన్నీ కలిపి చదివేస్తుంది. "రాష్ట్రపతి తన అధికారాన్ని చూడుము పుట రెండువందల పన్నెండు భారత రాజ్యాంగం పరిచయం నూటనలభై మూడు మంత్రిమండలి సలహాపై", ఇలా. టేబుల్స్ గురించి అడగొద్దు, అడ్డంగా చదవాల్సింది నిలువుగా, నిలువుది అడ్డంగా చదివి ఉత్తరప్రదేశ్‌కి గోవా సీట్లు ఇచ్చేస్తుంది.

పిన్ని ఇవన్నీ తీసేస్తారు. ఫుట్‌నోట్లు చాప్టర్ చివరికి పంపిస్తారు, పేజీ నంబర్లు మాత్రం ఒక పక్క లైన్లో ఉంచుతారు, అసైన్‌మెంట్‌లో పుట సంఖ్య రాయాలి కదా. చాప్టర్ పేర్లకి, ఉపశీర్షికలకి హెడ్డింగ్ స్టైల్ పెడతారు, అది పెడితే నేను హెచ్ నొక్కుకుంటూ ఒక హెడ్డింగ్ నుంచి ఇంకో హెడ్డింగ్‌కి దూకేయొచ్చు, చూపున్నవాళ్ళు పేజీలు తిరగేసినట్టు. మొదట్లో ఇది వాళ్ళకి తెలీదు, లావు అక్షరాలు పెట్టి హెడ్డింగ్ అన్నారు, నేను లాప్‌టాప్ తీసుకెళ్ళి హెచ్ నొక్కి వినిపించా, లావు అక్షరం దానికి తెలీదు పిన్నీ అని. మర్నాటి నుంచి పెట్టేస్తున్నారు, పాత ఫైళ్ళకి కూడా అడక్కుండానే మళ్ళీ పెట్టి పంపించారు. దీనికి ఒక స్టార్ కాదు రెండు ఇవ్వాలి.

స్కానింగ్‌లో కూడా ఒక చిక్కుంది. పుస్తకం సొంతమైతే వెన్ను కోసేసి పేజీలు విడదీసి ఫీడర్‌లో పెడతారు, గంటలో అయిపోతుంది, తర్వాత స్పైరల్ వేసిచ్చేస్తారు. లైబ్రరీ పుస్తకం కొయ్యకూడదు కదా, గాజు మీద బోర్లా పెట్టి ఒక్కో పేజీ నొక్కాలి, లావు పుస్తకం సరిగ్గా తెరుచుకోదు, మడత దగ్గర అక్షరాలు వంగిపోతాయి, వంగిన చోటల్లా తప్పులు. బాబాయ్ ఒక మందపాటి గాజు పలక పైన బరువు పెట్టి తీస్తారు, స్కాన్ స్పష్టత 300 డీపీఐకి తగ్గనివ్వరు. దీనికి రేటు పెంచలేదు ఇంతవరకు, అడిగితే "చదువుకునే పిల్లల దగ్గర లెక్కలేటి" అంటారు, పక్కనే ఆధార్ ప్రింట్‌కొచ్చినోళ్ళ దగ్గర మాత్రం బానే లెక్క చూస్తారు.

ఇక డబ్బుల సంగతి, అసలు ఈ రివ్యూ రాయాలనిపించింది దీనికే. 320 పేజీల పుస్తకం ఒకటి బాగా చేయిస్తే పేజీకి నాలుగున్నర చొప్పున 1,440 రూపాయలు. కేంద్రం వాళ్ళు మా వికలాంగ విద్యార్థులకిచ్చే పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌లో పుస్తకాల కింద ఏడాదికి ఇచ్చేది 1,500. అంటే ఏడాది గ్రాంటు ఒక్క పుస్తకానికి సరి, మిగిలిన 60 రూపాయలు గాజువాక నుంచి రానుపోను ఖర్చు. చూపులేనివాళ్ళకి డిసెబిలిటీ అలవెన్స్ అని ఇంకో 4,000 ఉంది ఏడాదికి, దాన్నీ కలుపుకుంటే ఇంకో రెండు మూడు పుస్తకాలు. తల్లిదండ్రుల ఆదాయం రెండున్నర లక్షలు దాటితే అదీ లేదు. పుస్తకం ధర 200 ఉంటుంది అనుకోండి, క్లాసులో పక్కనమ్మాయి 200 పెట్టి కొనుక్కుని ఆ సాయంత్రమే చదవడం మొదలుపెడుతుంది, నేను ఆ 200 మీద ఇంకో 1,440 పెట్టి పన్నెండు రోజులు ఆగాలి, ఆ గ్రాంటు లెక్కేసినవాళ్ళు పుస్తకం ధర చూశారు గానీ పుస్తకం నా దాకా రావడానికి అయ్యే ధర చూడలేదు. దానికితోడు పోయిన ఏడాది నా అప్లికేషన్ మా యూనివర్సిటీ లాగిన్‌లో వెరిఫై అవకుండా రెండు నెలలు పడుంది, అడిగితే "అది చూసే సార్ సెలవు" అన్నారు, డబ్బులు పడేసరికి ఆ సెమిస్టర్ పరీక్షలు అయిపోయి రిజల్ట్స్ కూడా వచ్చేశాయి.

చట్టం కూడా చూశా, నా సబ్జెక్టే కదా. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 17వ సెక్షన్‌లో పుస్తకాలు, పరికరాలు ఉచితంగా ఇవ్వాలని చక్కగా ఉంది, పక్కనే 18 ఏళ్ళు వచ్చేవరకు అని కూడా ఉంది. డిగ్రీ ఫస్టియర్‌కే 18 నిండుతాయి. అదే చట్టం 32వ సెక్షన్‌లో పెద్ద చదువుల్లో మాకు 5 శాతానికి తగ్గకుండా సీట్లు ఇవ్వమంది, నా సీటు అలా వచ్చిందే, సంతోషం. సీట్లో కూర్చోబెట్టి చేతికి ఖాళీ పేజీలిచ్చారు. ఈమధ్య అందరూ దివ్యాంగులు అంటున్నారు, పేరు మార్చడానికి ఖర్చవదు కదా.

నిజం చెప్పాలంటే నా పుస్తకాలు నడిచేది నాకొచ్చే వికలాంగుల పెన్షన్ మీద. 2024 జూలై నుంచి 3,000 ఉన్నది 6,000 చేశారు, ఒకటో తారీఖున వార్డు సచివాలయం వాళ్ళు ఇంటికొచ్చి ఇస్తారు, అమ్మ అందులోంచి 1,500 తీసి పుస్తకంలో పెట్టి "మీ బాబాయ్‌కి" అంటుంది. పెన్షన్ ఇచ్చింది బతకడానికి, చదువుకి కాదు, ఆ తేడా ఇంట్లో ఎవరూ పైకి అనరు.

ఒకసారి కూర్చుని లెక్కేశా. మా కోర్సు నాలుగు సెమిస్టర్లు, సెమిస్టర్‌కి అయిదు పేపర్లు, పేపర్‌కి ఒక్క ముఖ్యమైన పుస్తకం అనుకుంటే 20 పుస్తకాలు, సగటున 300 పేజీలు, మొత్తం 6,000 పేజీలు, బాబాయ్ రేటు ప్రకారం 27,000 రూపాయలు. ఒక్కసారి. ఒక్కసారి చేయించి లైబ్రరీ కంప్యూటర్‌లో పెడితే సిలబస్ మారేవరకు వచ్చే ప్రతి బ్యాచ్‌కీ అవే ఫైళ్ళు. ఫ్రెషర్స్ డే స్టేజీకి, సౌండ్‌కి అంతకన్నా ఎక్కువే అవుతుంది. 2025 జనవరి నుంచి దేశమంతా ప్రభుత్వ యూనివర్సిటీలకి 13,000 జర్నల్స్ ఒకే చందా కింద ఇస్తున్నారు, మూడేళ్ళకి 6,000 కోట్లు, మంచిదే, పీహెచ్‌డీ చేసేవాళ్ళకి పండగ. తెలుగు మీడియం ఎం.ఏ. పిల్లలకి 27,000 మాత్రం ఏ పద్దు కింద రాయాలో తెలీదన్నారు మా ఆఫీసులో.

మా లైబ్రరీ గురించి కూడా చెప్పి వదిలేస్తా. మాకోసం ఒక గది ఉంది, బోర్డ్ ఉంది, కంప్యూటర్ ఉంది, తాళం ఒకరి దగ్గర ఉంటుంది, ఆ ఒకరు ఎక్కడుంటారో ఎవరికీ తెలీదు. అటెండర్ గారు మంచివారు, "రామ్మా కూర్చో" అని టీ కూడా తెప్పిస్తారు, తాళం తప్ప అన్నీ ఇస్తారు. పుస్తకం 15 రోజులకే ఇస్తారు, అందులో పన్నెండు రోజులు పిన్ని దగ్గరే ఉంటుంది, అంటే నేను చదవడం మొదలుపెట్టకముందే గడువైపోయి ఫైన్ పడుతుంది. రెండుసార్లు కట్టాను. మూడోసారి లెటర్ రాశా, గడువు మాకు 30 రోజులు చేయమని, "అలాంటి రూల్ లేదమ్మా" అన్నారు, యూనివర్సిటీలన్నిటి పైన ఉండే యూజీసీయే 2022లో యాక్సెసిబిలిటీ గైడ్‌లైన్స్ అని పెద్ద పుస్తకమే వేసింది సార్, దాని కాపీ కూడా జత చేశానన్నా, ఒక నెల తిప్పి ఇచ్చారు. అడిగిన నాకొక్కదానికే ఇచ్చారు, జూనియర్లు మళ్ళీ ఎవరి లెటర్ వాళ్ళు రాసుకోవాలంట.

ఇప్పుడు బాబాయ్ భయం దగ్గరికొద్దాం. పుస్తకం మొత్తం స్కాన్ చేయడం నేరం కదా అని ఆయన అనుమానం, మొదట్లో సగం పుస్తకం ఇవాళ, సగం రేపు చేసేవారు, అలా అయితే పర్లేదేమో అని. కాపీరైట్ చట్టానికి 2012లో సవరణ చేసి 52వ సెక్షన్‌లో జెడ్‌బీ అని ఒక క్లాజ్ పెట్టారు, మామూలు పుస్తకం చదవలేని వికలాంగుల కోసం దాన్ని వాళ్ళు చదవగలిగే రూపంలోకి ఎవరైనా మార్చొచ్చు, చదువుకోసం అలాంటి ఇంకొకరికి ఇవ్వొచ్చు కూడా, లాభానికి అమ్మకూడదు, తయారీ ఖర్చు వరకు తీసుకోవచ్చు. తర్వాత 2013లో మర్రకేష్‌లో అంతర్జాతీయ ఒప్పందం జరిగితే 2014లో అందరికన్నా ముందు ఆమోదించింది మన దేశమే. ఇదంతా ప్రింట్ తీసి లామినేషన్ చేయించి (ఆయన మిషన్ మీదే, 20 రూపాయలు తీసుకున్నారు) కౌంటర్ పక్కన అంటించా. నా సర్టిఫికెట్ కాపీ ఒకటి కూడా ఆయన దగ్గర ఉంచా. ఇప్పుడు పుస్తకం మొత్తం ఒకేసారి చేస్తారు, పేరు మాత్రం రాయొద్దంటారు.

ఇంకొకరికి ఇవ్వొచ్చు అన్న ముక్క మా ప్రాణం కాపాడింది. మా కోర్సులో చూపులేనివాళ్ళం, నా క్లాసులో ఇంకొకరు, జూనియర్లు ఇద్దరు, నాతో కలిపి నలుగురం తేలాం, ఒక పుస్తకం ఒకరు చేయిస్తే నలుగురికీ, 1,440 కాస్తా మనిషికి 360 అయింది. ఒకరినొకరు వెతుక్కోవడానికే ఒక సెమిస్టర్ పట్టింది, అడ్మిషన్ ఫారంలో అందరి వివరాలూ ఉన్నా ఎవరూ కలపలేదు.

ఇంగ్లీష్ పుస్తకాలైతే బాబాయ్ దాకా వెళ్ళేముందు సుగమ్య పుస్తకాలయలో వెతకండి, ఇది 2016 ఆగస్టులో కేంద్రం మొదలుపెట్టిన ఆన్‌లైన్ లైబ్రరీ, ప్రింట్ చదవలేనివాళ్ళకి మాత్రమే, సర్టిఫికెట్ చూపించి చేరాలి, పుస్తకం డైసీ రూపంలోనో ఈపబ్ అనే ఈ-బుక్ ఫైల్‌గానో దిగుతుంది, డైసీ అంటే చాప్టర్లు, పేజీలు దూకుతూ వినేలా చేసినది. రాజనీతి సిద్ధాంతం మీద ఒక ఇంగ్లీష్ పుస్తకం అలా ఫ్రీగా దొరికి 900 రూపాయలు మిగిలాయి నాకు. తెలుగు మీడియం సిలబస్ పుస్తకం కావాలంటే మాత్రం మళ్ళీ సందులోకి రావాల్సిందే.

సరే, మెట్లు. షాపుకి మూడు మెట్లున్నాయి, ర్యాంప్ లేదు, మెట్లకి కింద కాలువ మీద వేసిన రాయి ఒకటి ఊగుతుంది. నేను కర్రతో చూసుకుని ఎక్కేస్తాను. మా క్లాసులో వీల్‌చైర్ వాడే అమ్మాయి ఒకతి ఉంది, తనకి చూపు బానే ఉంది గానీ చేతుల్లో బలం లేదు, లావు పుస్తకం పట్టుకోలేదు, పేజీ తిప్పలేదు, తనూ టాబ్‌లో ఫైళ్ళే చదవాలి, ఆ కాపీరైట్ క్లాజ్ తనకీ వర్తిస్తుంది, చాలామందికి ఇది తెలీదు, ఫైల్ అంటే గుడ్డివాళ్ళకే అనుకుంటారు. తను వస్తే బాబాయే కిందకి దిగొచ్చి రోడ్డు మీద మాట్లాడి పుస్తకం తీసుకెళ్తారు, ఆటోలు హారన్ కొడుతుంటే, ఎండలో. ఆయన మర్యాదకి లోటు లేదు, తనే "ఇంకోసారి నువ్వే ఇచ్చేయవే నా పుస్తకం" అంది నాతో. చెక్క ర్యాంప్ ఒకటి పెట్టండి బాబాయ్ అంటే బిల్డింగ్ ఓనర్ ఒప్పుకోడంటారు, మడిచి లోపల పెట్టుకునే రేకు ర్యాంప్ అయితే ఓనర్‌తో పనేంటి. ఒక స్టార్ అందుకే కట్. పెట్టిన రోజు ఇచ్చేస్తా.

మిగతా చిన్నవి: నవంబర్‌లో, ఏప్రిల్‌లో వెళ్ళకండి, ప్రాజెక్ట్ రికార్డుల బైండింగ్‌కి జనం మెట్ల కిందదాకా ఉంటారు, పన్నెండు రోజులన్నది ఇరవై అవుతుంది. పాటలు గట్టిగా పెడతారు, మనం పేజీ నంబర్లు చెప్తుంటే వినపడదు. ఫైల్ పేర్లు స్కాన్ ఒకటి, స్కాన్ రెండు అనే ఉంటాయి, ఇంటికెళ్ళి మార్చుకోవాలి. ఒకసారి ఏడో చాప్టర్ మూడో చాప్టర్ తర్వాత వచ్చేసింది, పరీక్ష ముందురోజు రాత్రి పదింటికి తెలిసింది నాకు, ఫోన్ చేస్తే పిన్ని ఇంట్లోంచి అప్పటికప్పుడు సరిచేసి వాట్సాప్‌లో పంపి "పడుకో తల్లీ, ఏడోది చిన్నదేలే" అన్నారు. చిన్నదేం కాదు, 41 పేజీలు.

వెళ్ళాలనుకునేవాళ్ళకి: పొద్దున 11 లోపు వెళ్తే ఖాళీగా ఉంటారు, ఆదివారం మధ్యాహ్నం వరకే. పుస్తకంతో పాటు సర్టిఫికెట్ కాపీ ఒకటి ఇవ్వండి. పెన్‌డ్రైవ్ మీదే తీసుకెళ్ళండి, వాళ్ళ దాంట్లో వైరస్ ఉంటుంది. పుస్తకం మొత్తం అవసరం లేకపోతే సిలబస్‌లో ఉన్న చాప్టర్లు మాత్రమే బాగా, మిగతాది బేగి చేయించుకోండి, నేను ఇప్పుడు అలాగే చేస్తున్నా. బోర్డ్ చూసి వెతక్కండి, పబ్లిక్ లైబ్రరీ దాటి సందులోకొచ్చి ఏ షాపులో అడిగినా చూపిస్తారు, "కాలువ మీద రాయి ఊగే షాపు" అనండి చాలు, ఎక్కేటప్పుడు ఎడమ పక్క అడుగేయండి.